చిన్న జాడీలో తోడు

పాకాలలో మంగక్క పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను వంటింట్లో ఆమె గిన్నెలోనే పాలు తోడేస్తున్నాను. ఈ వయసులో ఫోను మోగితే అవతల పెళ్ళి కబురు ఉండదని తెలిసిపోయింది కాబట్టి, స్పూను పక్కన పెట్టి, చేయి తుడుచుకుని, నిదానంగానే తీశాను. విన్నాక మళ్ళీ వచ్చి గిన్నె చేతిలోకి తీసుకున్నాను. పాత ఎవర్‌సిల్వర్ గిన్నె. అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు, మంగమ్మ అని. మొదటి అక్షరం సగం అరిగిపోయింది. పనిమనిషి ఒకసారి అడిగింది, ఎవరిదమ్మా ఈ గిన్నె, ఇచ్చెయ్యడం మరిచిపోయారా అని. ఇస్తే తీసుకోరు అన్నాను.

ఆ వారమే, బెంగుళూరులో ఉంటున్న నా పాత విద్యార్థి ఒకడు ఒక వీడియో పంపాడు. అద్దాల హాలు, నున్నటి రాగి బానలు, వాటి ముందు గడ్డం పెంచిన కుర్రవాళ్ళు. రాగులతో బీరు చేస్తున్నారట. "మేడం, ఇది కొత్తగా కనిపెట్టారు, మీ రాయలసీమ రాగులే" అని రాశాడు. జవాబు ఇవ్వలేదు. ఆ కొత్త సంగతిని మా అమ్మ పాకాల రైల్వే క్వార్టర్సులో, పెరటి పొయ్యి మీద, చెమట తుడుచుకోవడానికి కూడా తీరిక లేకుండా ఏళ్ళ తరబడి చేసిందని చెప్పాలంటే చాలా చెప్పాలి. చెప్పడానికి ఓపిక కావాలి. ఇప్పుడు కొంచెం కూడగట్టుకున్నాను.

నాయన ఫైర్‌మన్. బొగ్గు ఇంజను రోజులు. పాకాల నుంచి ధర్మవరం వైపు పోయే మీటరుగేజి బండ్లలో, నిప్పుల గుండం ముందు నిలబడి పారతో బొగ్గు ఎగజిమ్మడం ఆయన పని. డ్యూటీ దిగి వస్తే ఇంటి నిండా బొగ్గు వాసన, నూనె వాసన, కాలిన ఇనుము వాసన. అమ్మ ఆయన బట్టలను మిగతావాటితో కలిపి ఉతికేది కాదు, ఎంత ఉతికినా ఆ నీళ్ళు నల్లగానే పోయేవి. నాయన మంచివాడు. మాట తక్కువ. కోపం లేదు. ఒక్కటే ఉంది, సారాయి. స్టేషను వెనక, బెల్లం మండీలకు పోయే దారిలో సారాయి అంగడి. డ్యూటీ దిగినవాడు ఇంటికి రావాలంటే దాని ముందు నుంచే రావాలి. చాలా రోజులు నాయన తన కాళ్ళ మీద రాలేదు. ఇద్దరు ముగ్గురు మోసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టి, అమ్మ మొహం చూడకుండా వెళ్ళిపోయేవాళ్ళు. నేను అప్పటికి చిత్తూరులో చదువు ముగించి, టీచరు ట్రైనింగుకు సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. అన్నీ తెలిసిన వయసు. తెలిసీ చెయ్యగలిగింది లేని వయసు.

రైల్వే డాక్టరు నాయన కడుపు మీద వేళ్ళతో తట్టి చూసి, కాలేయం వాచిందనీ, సారాయి మానకపోతే ఎన్నాళ్ళో ఉండడనీ అమ్మతో చెప్పాడు. నాయన అన్నీ విన్నాడు, అదే రోజు మానేశాడు. కొన్నాళ్ళకు చేతులు వణికి, పార జారి, ఇంజనులోనే తూలి పడబోయాడు. డ్రైవరు చొక్కా పట్టి వెనక్కి లాగకపోతే ఆ రోజే అయిపోయేది. ఉద్యోగం పోతుందనే భయంతో మళ్ళీ తాగాడు. మానితే ఒక చావు, తాగితే ఒక చావు. మా అవ్వ, అంటే నాయన తల్లి, ఏడుకొండలవాడికి మొక్కుల మీద మొక్కులు మొక్కింది. అమ్మ మొక్కలేదు. కొంగు నడుముకు చుట్టి దొరసానమ్మ ఇంటికి పోయింది.

దొరసానమ్మ అంటే ఆంగ్లో ఇండియన్ డ్రైవరు భార్య. అప్పటికే ఆయన పోయి, పెద్ద క్వార్టర్సు ఖాళీ చేసే ముందు ఆమె ఒక్కతే ఉండేది. సగం తమిళం, సగం తెలుగు మాట్లాడేది. తన మొగుడు కూడా రమ్ము తాగి తాగి పడిపోయేవాడనీ, తాను ఇంట్లోనే పలచటి బీరు కాచి పోస్తూ పోస్తూ దాని మీదికి తిప్పుకున్నాననీ, ఆ తర్వాత చాలా ఏళ్ళు బండి నడిపాడనీ ఆమే ఒకసారి అమ్మతో అన్నదట. ఇది వైద్యం కాదు, ఇవాళ ఏ డాక్టరూ దీన్ని ఒప్పుకోడు, నేనూ ఎవరికీ చెప్పను. అమ్మకు అప్పుడు కనిపించిన దారి అది ఒక్కటే. మడి కట్టుకుని వంట చేసే మనిషి, కల్లు ముంత వీధిలో కనిపిస్తే పైట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే మనిషి, దొరసానమ్మ వంటింట్లో కూర్చుని బీరు కాచడం నేర్చుకుంది.

దొరసానమ్మ తెల్లవాళ్ళ ధాన్యంతో చేసేది కాదు, అది ఇక్కడ యాడ దొరుకుతుంది. రాగులే. రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, పైన రాయి పెడితే సన్నటి మొలకలు గుడ్డను పొడుచుకుని బయటికి వస్తాయి. వాటిని నీడలో ఆరబెట్టి, అరచేతులతో నలిపి, చేటలో చెరిగి మొలకల తోకలు పోగొట్టాలి. అందులో కొంత మంగలంలో వేసి కాఫీగింజల రంగు వచ్చేదాకా వేయించాలి. తిరగలిలో రవ్వలాగా విసరాలి. పిండి కాకూడదు, పిండి అయితే గుడ్డలో దిగదు. ఆ తర్వాత నీళ్ళు. సలసల కాగే నీళ్ళు పోస్తే మొలకలోని శక్తి చచ్చిపోతుంది, గోరువెచ్చగా పోస్తే తీపి దిగదు. మరి ఎంత వేడి అంటే, కాగిన నీళ్ళను దించి, ఆవిరి తగ్గి అందులో మన మొహం కనిపించేదాకా ఆగాలి. అదే కొలత. అమ్మ బాన మీదికి వంగి, నీళ్ళలో తన మొహం కోసం చూస్తూ నిలబడేది. ఆ నిలబడడమే నాకు ఎక్కువ గుర్తు. అద్దంలో చూసుకోవడానికి తీరిక లేని మనిషి.

రవ్వ వేసి కలిపి, బాన మీద గోనెసంచులు, వాటి మీద నాయన పాత కంబళి కప్పి, మధ్యాహ్నమంతా అట్లాగే వదిలేసేది. సాయంత్రానికి అది తియ్యగా, పాయసం లాంటి వాసనతో ఉండేది. పాత పంచెలో వడగట్టి, మా వైపు దొరికే నల్లబెల్లం కొంత వేసి, నేలవేము మూటగట్టి అందులో దించి కాచేది. తెల్లవాళ్ళు ఏదో పువ్వు వేస్తారట చేదు కోసం. మాకు నేలవేమే. కాగుతూ ఒక్కసారిగా పొంగి పొయ్యిని ముంచేది, అందుకని పక్కన గరిటె పట్టుకుని ఎప్పుడూ ఒకరు ఉండాలి. తర్వాత చల్లార్చడం. నీళ్ళ తొట్టిలో దించి, నీళ్ళు మార్చి మార్చి, చేయి పెడితే చల్లగా తగిలేదాకా. ఆ తర్వాత మామిడికాయ ఊరగాయకు వాడే పెద్ద జాడీలోకి పోసి, తోడు వేసి, గుడ్డ కట్టేది. మరునాటికి లోపల నుంచి సన్నవాన పడుతున్నట్టు చప్పుడు. నురగ గుడ్డను తడిపేది. అది తగ్గాక మందుసీసాల్లోకి పోసి, ఒక్కో సీసాలో బెల్లం పలుకు వేసి, బిరడా బిగించి పురికొసతో కట్టేది. కట్టు వదులైతే బిరడా ఎగిరి పైకప్పుకు తగిలేది. అవ్వ ఉలిక్కిపడి గోవిందా అనేది. ఇన్ని పనులూ ఒకసారికి కాదు, వారం వారం. ఒక జాడీ ఊరుతుంటే ఇంకో మూట మొలకెత్తుతుండాలి. ఇది రాస్తుంటేనే నా భుజాలు నొప్పెడుతున్నాయి.

దొరసానమ్మ మద్రాసు వైపు కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, అమ్మ చేతిలో ఒక చిన్న జాడీ పెట్టింది. అందులో బీరు అడుగున పేరుకునే చిక్కటి మడ్డి ఉంది. దాన్ని కొంచెం వేస్తేనే రాగినీళ్ళు పొంగి బీరవుతాయి. ప్రతిసారీ అడుగున మిగిలింది మళ్ళీ ఆ జాడీలో దాచి, మధ్యలో బెల్లం నీళ్ళు పోసి బతికించుకోవాలి. అది పోతే మళ్ళీ దొరకదు. మొదట్లో అమ్మ కల్లు వేసి చూసింది కూడా, దానితో అంతా పుల్లగా వెనిగరులాగా అయిపోయింది, పారబోయాల్సి వచ్చింది. దొరసానమ్మ దాన్ని ఏదో ఇంగ్లీషు పేరుతో పిలిచేది. అమ్మకు ఆ పేరు నోరు తిరగలేదు, తిరిగినా ఇంట్లో అనగలిగే మాట కాదు. అందుకని తోడు అని పెట్టింది. పాలకు తోడు ఎట్లానో దీనికీ అట్లానే కదా. పైగా బయటివాళ్ళు వింటే పెరుగు సంగతి అనుకుంటారు. బీరు అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. రాగినీళ్ళు, దానికి తోడు, అంతే. వంటింటి గూట్లో రెండు చిన్న జాడీలు పక్కపక్కన ఉండేవి. పెరుగుది తెల్లతోడు, ఇంకోటి నల్లతోడు.

నాయన డ్యూటీ దిగి నేరుగా ఇంటికి రావడం మొదలైంది. మొదట్లో మొహం చిట్లించాడు, ఇది కషాయమా అన్నాడు. తర్వాత అలవాటు పడ్డాడు. స్నానం చేసి, అరుగు మీద కూర్చుని, రెండు సీసాలు నిదానంగా తాగి, అన్నం తిని పడుకునేవాడు. చేతుల వణుకు తగ్గింది. అమ్మ మాత్రం ఆ సీసాలు ఆయన ముందు పెట్టి మళ్ళీ లోపలికి పోయేది. లోపల ఎప్పుడూ ఏదో ఒకటి కాగుతూనో, వడుస్తూనో, చల్లారుతూనో ఉండేది. అలసిపోలేదా అమ్మా అని ఒకసారి అడిగితే, "అలుపు లేకేమి మ్మే. నేను నిలిపితే మీ నాయన లేస్తాడు, అంగట్లోకి" అంది. అంతకన్నా వివరంగా ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

మా పక్క గోడకు అవతలి వాళ్ళే మంగక్క వాళ్ళు. ఆమె భర్తకు స్టేషను ముందర కిరాణా అంగడి. శెట్లు, నీచు ముట్టనివాళ్ళు, శనివారం శనివారం ఒంటిపొద్దులు, మడి. మంగక్క మాట కరుకు. మా ఇంట్లో వాళ్ళను ఆమె గడప దాటనిచ్చేది కాదు గాని, పండగకు పిండివంటలు మాత్రం గోడ మీద నుంచి అందించేది. ఆమెకు ఈ సంగతి తెలిస్తే పాకాల అంతా తెలిసినట్టేనని అమ్మ భయం. పరువు ఒక ఎత్తు, ఎక్సైజు వాళ్ళు ఒక ఎత్తు. ఇంట్లో కాచడం నేరం, నాయన ఉద్యోగం పోతుంది. గోడలకు చెవులుంటాయని విన్నాం గాని ముక్కులుంటాయని అప్పుడు మాకు తట్టలేదు.

ఒక శుక్రవారం అమ్మ నాయన మందుల కోసం రైల్వే ఆసుపత్రికి పోయింది. నేను పెరట్లో తొట్టి నీళ్ళు మారుస్తున్నాను. కాచిన రాగినీళ్ళు చల్లారుతున్నాయి, అమ్మ రాగానే తోడు వెయ్యాలి. పొద్దు వాలుతోంది. మంగక్క గోడ మీద నుంచి అవ్వను పిలిచింది. వాళ్ళింట్లో పిల్లి మూత తోసి పెరుగంతా నాకిందట, మర్నాడు శనివారం, దద్దోజనం పెట్టాలి, కొంచెం తోడుంటే ఇవ్వమని. పాలగిన్నె కూడా తెచ్చింది. తోడు లేదు అనకూడదు. అంతకన్నా పెద్ద నియమం ఇంకోటి ఉంది. దీపాలు పెట్టాక, అందులో శుక్రవారం, పాలు పెరుగు ఉప్పు ఇల్లు దాటించకూడదు. అవ్వకు కళ్ళలో శుక్లాలు. వంటింట్లో అప్పటికే చీకటి. దీపం పెడితే ఇవ్వడానికి లేదు, పెట్టకపోతే కనిపించదు. దీపం పెట్టకముందే ఇచ్చెయ్యాలని అవ్వ గబగబా గూట్లో చెయ్యి పెట్టి, చేతికి తగిలిన జాడీని మంగక్క పాలల్లో బోర్లించింది. ఉన్నది కొంచెమే కదా అని అంతా వేసేసింది. శుక్రవారం పూట ఎంగిలి జాడీ గూట్లో ఉండకూడదని దాన్ని బూడిదతో తోమి, కడిగి, బోర్లించింది. తర్వాత తృప్తిగా దీపం పెట్టింది.

అమ్మ వచ్చి గూడు చూసింది. తెల్లజాడీ నిండుగా ఉంది. నల్లతోడు జాడీ తళతళలాడుతూ బోర్లా ఉంది. అవ్వను అడిగింది, అవ్వ చెప్పింది. అమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఆమె పని మధ్యలో కూర్చోవడం నేను చూసింది అదే మొదలు. సీసాలు కూడా అన్నీ కడిగి ఎండబెట్టేశాం, అడుగు మడ్డి కూడా లేదు. నాయనకు మర్నాటికి రెండు సీసాలు మిగిలి ఉన్నాయి. గోడకు అవతల మంగక్క పాలల్లో మా నల్లతోడు ఉంది, పోయి అడగాలంటే దీపాలు పెట్టేశారు, శుక్రవారం. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఇక్కడ నిజంగానే మడి ఇంటి పాలల్లో మా సంగతి పడింది.

తెల్లవారగానే అమ్మ నన్ను వెంటపెట్టుకుని మంగక్క పెరటి వాకిలి దగ్గర నిలబడింది. మంగక్క తడిబట్టలతో పూలు కోస్తోంది. అమ్మ అంది.

"మంగక్కా, నిన్న మా అత్త ఇచ్చింది పెరుగు తోడు కాదు."

"తెలుసు" అంది మంగక్క. పూలు కోయడం ఆపలేదు. "పాలు తోడుకోలా. పొయ్యి మింద లేకనే పొంగినాయి."

అమ్మ తల దించుకుంది. మంగక్క లోపలికి పోయి, అరిటాకు ముక్కతో పట్టుకుని ఆ గిన్నెను తెచ్చి గడప బయట పెట్టింది. పైన నురగ. ఒలకబోస్తే అరిష్టమని పారబోయలేదట.

"రెండేండ్లుగా మీ పెరట్లో రాగులు వేగేదీ బెల్లం కాగేదీ నాకు వాసన రాలేదనుకుంటివా సరోజా?" అంది. "మీ ఇంటాయనను మా వాకిలి ముందర నుంచే గదా మోసుకొస్తా ఉండింది. ఇప్పుడు నడిచొస్తాండాడు. నేనెందుకు నోరు తెరుస్తాను?"

అమ్మ ఏడ్చింది. మంగక్క చూడనట్టు పూలసజ్జ సర్దుకుంది. "గిన్నె గూడా తీసుకుపో. ఇంక అది నా ఇంట్లోకి రాగూడదు" అంది. ఆ రెండూ ఒకే మనిషి అన్న మాటలు. ఎందుకో ఆ రోజు నుంచి నాకు మంగక్క కరుకుతనం మీద గౌరవం ఏర్పడింది, ఇవాళ్టికీ తగ్గలేదు.

అమ్మ ఆ పాలను నిదానంగా వంచి, అడుగున ఉన్నదాన్ని గోరువెచ్చటి బెల్లం నీళ్ళలో కలిపి జాడీలో పోసింది. బతికుంటే నురగ వస్తుంది. రాగినీళ్ళను మళ్ళీ కాచి మూతపెట్టింది. ఇక చేసేదేమీ లేదు, ఎదురుచూడడమే. శనివారం నాయన వచ్చి ఆ రెండు సీసాలూ తాగాడు. ఆదివారం ఆయనకు సెలవు. సాయంత్రమైంది. అమ్మ అరుగు దగ్గరికి వచ్చి, తోడు పోయిందనీ, మళ్ళీ పెట్టాననీ, కొన్నాళ్ళు ఆగమనీ చెప్పింది. నాయన సరే అన్నాడు. అమ్మ లోపలికి పోయింది. పొయ్యి మీద ఏదో ఉంది.

కాసేపటికి నాయన లేచి చొక్కా వేసుకున్నాడు. నేను వాకిట్లో ఉన్నాను. ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టి, వీధి చివరకు చూస్తూ నిలబడ్డాడు. ఎటు చూస్తున్నాడో నాకు తెలుసు. చేతులు వణుకుతున్నాయి, ఒకదానితో ఒకటి పట్టుకున్నాడు. ఆ చూపు నేను భరించలేకపోయాను, లోపలికి వెళ్ళిపోదామనుకున్నాను. అప్పుడు ఆయన నా వైపు తిరగకుండానే అన్నాడు.

"కొంచేపు నాకు తోడు కూసో మ్మా."

కూర్చున్నాను. ఆయన చెప్పులు విడిచి పక్కన కూర్చున్నాడు. ఆయనే ఇంజను సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. గుండంలో బొగ్గు కుప్పగా వెయ్యకూడదనీ, పలచగా చల్లాలనీ, మంట తెల్లగా ఉంటే మంచిదనీ, ఎర్రగా ఉంటే ఆకలి మీద ఉందని అర్థమనీ. ఆయన అంత మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు. ఆ వారం, డ్యూటీ లేని ప్రతి సాయంత్రం అట్లాగే కూర్చున్నాం. ఆయన వీధి చివరకు చూసినప్పుడల్లా నేను ఏదో ఒకటి అడిగేదాన్ని. లోపల అమ్మ గరిటె చప్పుడు వినిపిస్తూనే ఉండేది. మధ్యమధ్య జాడీ గుడ్డ తీసి చూసి మళ్ళీ కట్టే చప్పుడు.

నురగ వచ్చింది. ఒక ఉదయం అమ్మ నన్ను పిలిచి జాడీ చూపించింది. పైన సన్నటి పొర, పక్కన చిన్న చిన్న బుడగలు. ఆమె మొహంలో సంతోషం లేదు, పెద్ద పని ఒకటి మళ్ళీ నెత్తికెత్తుకున్న మనిషి మొహం. అదే రోజు రాగినీళ్ళలో తోడు వేసింది. సీసాల్లో పోసేదాకా ఆగలేక, పెద్దజాడీలోంచే ముంచి నాయనకు ఇచ్చింది. పాలల్లో పడి లేచిన తోడు కదా, అప్పటి నుంచి మా రాగినీళ్ళకు కొంచెం పులుపు వచ్చింది. అది మళ్ళీ పోలేదు. నాయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒకసారి ఆయన గ్లాసు దించి, ఏందో ఈ మధ్య మజ్జిగ మాదిరి పులుపు తగుల్తాండాది, బాగుండాది అన్నాడట.

ఆ తర్వాత నాకు ట్రైనింగు సీటు వచ్చింది, తిరుపతి వచ్చేశాను. ఉద్యోగం, నా సంసారం, నా గొడవలు. సెలవులకు పోయినప్పుడు చూస్తే అరుగు మీద నాయన ఒక్కడే సీసా ముందు పెట్టుకుని కూర్చుని ఉండేవాడు, లోపల అమ్మ. కొన్నేళ్ళకు ఆయన కడుపులో నీళ్ళు చేరాయి. అమ్మ గెలిచిందనాలో ఓడిందనాలో నాకు ఇప్పటికీ తెలియదు. డాక్టరు చెప్పినదానికన్నా చాలా ఎక్కువ కాలం ఉన్నాడు, రోడ్డు మీద కాకుండా ఇంట్లో పోయాడు. అంతే. కర్మలన్నీ అయ్యాక అమ్మ నల్లజాడీని పెరట్లో వంచి, బూడిదతో తోమి, బోర్లించింది. ఈసారి పొరపాటున కాదు. తర్వాత ఆమెను నా దగ్గరికి తెచ్చుకున్నాను. వస్తూ తెచ్చిన సామాన్లలో మంగక్క గిన్నె ఉంది.

మంగక్క పోయిన నెలకు ఆ గిన్నె తీసుకుని పాకాల పోయాను. స్టేషను మారిపోయింది, బ్రాడుగేజి, కరెంటు బండ్లు, బొగ్గు వాసన మచ్చుకైనా లేదు. మా క్వార్టర్సు పైకప్పు కూలి ఉంది. మంగక్క కూతురు శారద గిన్నె మీద పేరు చదివి నవ్వింది. సంగతి ఆమెకు తెలుసు. అమ్మ తీసుకోనన్న గిన్నె నేనెట్లా తీసుకుంటాను అక్కా అంది. కానీ ఆ గిన్నెను గడప దాటించి తన వంటింట్లోకి తీసుకుపోయి, దారిలో తినమని పెరుగన్నం పెట్టి ఇచ్చింది. ఊరికే ఖాళీ గిన్నె పంపకూడదని. బండిలో తిన్నాను. ఇంటి పెరుగు, కొంచెం పులుపు.

ఇప్పుడు నేనుండే అపార్టుమెంటులో అందరూ పాకెట్టు పెరుగే. ఇన్నేళ్ళలో ఒక్కరూ తలుపు తట్టి తోడుందా అని అడగలేదు. అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, మంచిదే. నేను మాత్రం అలవాటుగా రోజూ పాలు తోడేస్తాను, సగం పారేస్తాను. అమ్మ చివరి రోజుల్లో ఇదే వంటింట్లో స్టూలు మీద కూర్చుని నేను తోడేయడం చూస్తూ ఉండేది. అప్పటికి ఆమె పొయ్యి ముట్టుకోవడం మానేసి చాలా కాలమైంది. ఒకరోజు ఉన్నట్టుండి అంది.

"అన్నేండ్లు ఆ తోడును సావనీలేదు మ్మే నేను. మీ నాయనకు తోడు కూసుండింది మాత్రం నువ్వే."

నేను కూర్చున్నది ఆ ఒక్క వారమేనని ఆమెకు గుర్తు చెయ్యలేదు. గిన్నె మీద మూత పెట్టి, ఆమె పక్కన కూర్చున్నాను.